ఇంటి ఉదాహరణ

"ఎవరూ కిటికీ దగ్గరికి పోకండి!" నాన్న అరిచాడు.

అమ్మ అప్పటికే పోయింది. చెప్పుల్లేని కాళ్ళతో గాజుపెంకుల మధ్య నిలబడి కమ్మీల్లోంచి వీధిలోకి చూస్తోంది. చేతిలో ఇంకా గరిటె ఉంది.

గది మధ్యలో గొడుగు పిడి ఒకటి పడి ఉంది. నల్లటి వంకీ పిడి. తాము పనిచేసే గొడుగుల కార్ఖానాలో రోజూ గుట్టలుగా పోసి ఉండేదే. దాని బదులు రాయి పడి ఉంటే ఇంత భయం వేసేది కాదు. రాయి ఎవడైనా విసరొచ్చు. పిడి వచ్చి పడిందంటే, పక్క బల్ల దగ్గర కూర్చుని ఇన్నేళ్ళు కలిసి పనిచేసిన మనిషే విసిరినట్టు.

బాబాయి వంగి దాన్ని తీశాడు. వెలుగులోకి పెట్టి, ఒక కన్ను మూసి చూశాడు.

"నా ముద్రే. వంకరగా పడింది. ఈ వంకర ముద్ర కోసమే కదా ఓనరు నన్ను అందరి ముందూ దులిపేసింది."

"జోకులేస్తున్నావురా?" నాన్న కసిరాడు.

"లేదన్నయ్యా. భయంగానే ఉంది. భయమేస్తే నా నోరు ఇలాగే వాగుతుంది."

"వాగి వాగే ఇక్కడిదాకా తెచ్చావు."

బాబాయి పిడిని మెల్లగా బల్ల మీద పెట్టాడు.

లోపలి గది గుమ్మంలో కూతురు పిచ్చుక నిలబడి ఉంది. చేతిలో పుస్తకం. అంతర్జాతీయ వాణిజ్యం, డిగ్రీ చివరి ఏడాది. పరీక్ష దగ్గరికొచ్చేసింది. ఏ పేజీలో వేలు పెట్టిందో తనకే తెలియదు. మాటలొచ్చిన రోజు నుంచీ నోరు మూయని పిల్ల అని బాబాయి పెట్టిన పేరది. నిన్న సాయంత్రం నుంచి ఆ పిచ్చుక నోట ఒక్క మాట లేదు. ఎవరూ గమనించలేదు. ఇల్లంతా హడలిపోయి ఉంటే ఒకరి మౌనం ఎవరికి కనబడుతుంది?

వీధి తలుపు మీద చరిచిన చప్పుడు.

"మేస్త్రీ గారూ, తలుపు తియ్యండి! నేనే!"

గుడ్డలు కోసే కత్తెరమ్మ గొంతు. అమ్మ గొళ్ళెం తీసింది. కత్తెరమ్మ గుమ్మం దాటి లోపలికి రాలేదు. వెనక వీధిలో ఇంకా కొన్ని తలలు కనబడుతున్నాయి.

"పిడి విసిరింది నేను కాదు. విసిరినవాణ్ణి ఆపిందీ లేదు. ముందే చెబుతున్నా."

"కూర్చో వదినా," అంది అమ్మ.

"కూర్చోడానికి రాలేదు. నిన్న ఏం జరిగిందో మీ మరిదిని అడుగు. ఆ సుంకాలవాళ్ళు గేటు దగ్గర ఎవర్నీ దారి అడగలేదు. ఆఫీసు గదిలోకి తొంగిచూడలేదు. గుడ్డ తానుల్ని దాటుకుని, మా కుట్టుమిషన్ల మధ్య నుంచి తిన్నగా మెట్ల కిందికి పోయారు. సొంత ఇంట్లో వంటగదిలోకి పోయినట్టు పోయారు! చెప్పేవాళ్ళు చెప్పకుండా ఎలా తెలుస్తుంది?"

"నేను చెప్పలేదు," అన్నాడు బాబాయి.

"పోయిన వారం ఏమన్నావు మరి? ఓనరు తిడితే, 'నేను నోరు తెరిచానంటే అందరి బండారం బయటపడుద్ది' అనలేదూ? మిషన్లన్నీ ఆగిపోయి మరీ విన్నాయి."

"కోపంలో అన్నాను."

"కోపంలో అన్నావు. తీరిగ్గా చేశావు." కత్తెరమ్మ అతని వైపు చూడటం మానేసి నాన్న వైపు తిరిగింది. "మేస్త్రీ గారూ, మధ్యాహ్నం వాళ్ళు మళ్ళీ వస్తున్నారు. ఓనరు కబురు పంపాడు. చెప్పినవాడు అందరి ముందూ ఒప్పుకుని, బయటికి పోవాలి. అప్పుడే గేటు తాళం తీస్తాడట. లేదంటే మిమ్మల్నీ, మీ చేతికింద పనిచేసే లైనునీ మొత్తం మాన్పిస్తాడట. ఆ లైనులో నేనూ ఉన్నాను. ఇంట్లో మంచాన పడ్డ మనిషిని పెట్టుకుని ఉన్నాను. నా సంగతి మీకు తెలుసు."

నాన్న తల దించుకున్నాడు.

"మధ్యాహ్నం గేటు దగ్గరికి మీ తమ్ముణ్ణి మీరే తీసుకురండి. మేం వచ్చి తీసుకెళ్ళే పరిస్థితి తేకండి."

ఆవిడ వెళ్ళిపోయింది. వెళ్ళేముందు మాత్రం, అలవాటు ప్రకారం కాబోలు, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.

అమ్మ చీపురు తెచ్చి గాజుపెంకులు ఊడవడం మొదలుపెట్టింది. ఆ గరగర చప్పుడొక్కటే గదిలో.

"నా ముఖం చూసి చెప్పరా," అన్నాడు నాన్న.

"చెప్పలేదన్నయ్యా. నీ మీద ఒట్టు."

"మెట్ల కింద బల్ల మీద ఏం చేస్తామో తెలిసింది ముగ్గురికి. ఓనరుకి, నాకు, నీకు. లైనులో వాళ్ళకి అక్కడేదో జరుగుతుందని తెలుసు గానీ ఏమిటో తెలియదు. ఓనరు చెప్పుకోడు. నేను చెప్పలేదు. ఇంకెవరు మిగిలారు?"

గుమ్మంలో పిచ్చుక పుస్తకం మూసేసింది. నాలుగో మనిషిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. స్కూలుకి వెళ్ళే రోజుల నుంచి బాబాయికి భోజనం డబ్బా పట్టుకుని ఆ మెట్ల కిందికి పోయేది తనే. ఆ చీకట్లో బాబాయి పక్కన బోర్లించిన డబ్బా మీద కూర్చుని, చెక్కసుత్తితో ఆయన టకటకా కొడుతుంటే లెక్కపెట్టేది తనే.

"నాన్నా..." అంది.

ముగ్గురూ తిరిగి చూశారు. ఆ మూడు ముఖాలూ చూసేసరికి చెప్పబోయిన మాట మింగేసింది.

"నువ్వెందుకే ఇక్కడ? పోయి చదువుకో," అంది అమ్మ.

"దాన్ని చదువుకోనివ్వండి," అన్నాడు నాన్న నీరసంగా. "ఈ ఇంట్లో ఒక్కరైనా ఆ గేటు మొహం చూడకుండా బతకాలి. పో తల్లీ. ఇవన్నీ నువ్వు పట్టించుకోకు."

పిచ్చుక పెరట్లోకి వెళ్ళింది. నీళ్ళ తొట్టి పక్కన గోడకి ఆనుకుని కూలబడింది.

కాలేజీలో సారుకి ఒక పద్ధతి ఉంది. "పుస్తకంలో ఒక దేశం గుడ్డ నేస్తుంది, ఇంకో దేశం గోధుమ పండిస్తుంది. ఎప్పుడూ అవే. వాటిని పుస్తకంలోనే ఉండనివ్వండి. మీ ఇంట్లోంచి ఒక్క వస్తువు పట్టుకురండి. దాని మీద సుంకం పడితే ఎవరికి లాభమో, ఎవరికి నష్టమో దాన్ని ముందు పెట్టుకుని చెప్పండి." వారానికొకరు. దానికి క్లాసులో ఇంటి ఉదాహరణ అని పేరు. ఒకడు సైకిలు బెల్లు తెచ్చాడు. ఒకమ్మాయి వాళ్ళమ్మ కళ్ళజోడు తెచ్చేసింది. పాఠం మధ్యలో వాళ్ళమ్మ పక్కింటి వాళ్ళ చేత ఫోను చేయించి, బస్సు నంబరు కనబడటం లేదు నా కళ్ళజోడేదే అంటే, క్లాసు క్లాసంతా పొట్ట పట్టుకుని నవ్వింది.

తన వంతు వచ్చినప్పుడు పిచ్చుక గుడ్డ తొడగని గొడుగు తీసుకెళ్ళింది. ఊచలూ, కాడా. కార్ఖానాలో దాన్ని అస్థిపంజరం అంటారు.

"ఇదేంటి?" అని అడిగింది క్లాసుని.

"గొడుగు!"

"కాదు. పైన కొప్పు లేదు చూడండి." ఊచలన్నిటినీ కలిపి కొసన బిగించే ఇత్తడి కొప్పు, గోరంత ఉంటుంది. "ఈ కొప్పు లేకుండా ఓడ దిగితే కాగితాల్లో ఇది గొడుగు కాదు, ఉత్త ఊచలు. ఊచల మీద సుంకం నామమాత్రం. తయారై వచ్చే గొడుగు మీద సుంకం మోత. అందుకని కొప్పులు వేరే పెట్టెలో వస్తాయి. ఇక్కడ కొప్పు బిగించి, గుడ్డ తొడిగి, ఇక్కడే తయారైందని ముద్ర కొడతారు. చేసిన పని కొంచెం. దానికి బయటి గొడుగుల నుంచి దొరికే కాపలా కొండంత. పైకి కనబడే సుంకం కాదు, ఈ తేడానే అసలు రక్షణ."

సారు మొహం వెలిగిపోయింది. వెనక బెంచీలో బూడిదరంగు కోటు వేసుకున్న ఒకావిడ కూర్చుని ఉంది. కళ్ళజోడు తాడుకట్టి మెడలో వేలాడుతోంది. ఎవరి తల్లో అనుకుంది పిచ్చుక.

"భలే చెప్పావమ్మా," అంది ఆవిడ. "మరి ఆ కొప్పులు అందరి ముందే బిగిస్తారా?"

"అబ్బే, లేదండీ. మెట్ల కింద బల్ల ఉంటుంది. మా బాబాయి బిగిస్తాడు."

ఆవిడ నవ్వింది. క్లాసు చప్పట్లు కొట్టింది. తలుచుకుంటే ఇప్పుడు ఆ చప్పట్లు చెవుల్లో సుత్తి దెబ్బల్లా ఉన్నాయి.

నిన్న సాయంత్రం నాన్న ఇంటికొచ్చి, "ముందు నడిచింది ఒక ఆడమనిషి. బూడిదరంగు కోటు, మెడలో కళ్ళజోడు" అన్నప్పుడే పిచ్చుకకి అర్థమైంది. ఊళ్ళో గొడుగుల కార్ఖానా అదొక్కటే.

ఫోను తీసి సారుకి చేసింది.

"సార్, ఆ రోజు వెనక కూర్చున్న ఆవిడ ఎవరు సార్?"

"సుంకాల శాఖలో పెద్ద అధికారి. మొదట్లోనే పరిచయం చేశాను కదమ్మా."

"నేను వినలేదు సార్. అస్థిపంజరం విప్పుతూ ఉన్నాను."

"ఏం విప్పుతూ?"

"గొడుగు సార్."

"ఆవిడకి నీ ఉదాహరణ ఎంత నచ్చిందనుకున్నావు! వెళ్ళేటప్పుడు కూడా దాని గురించే మాట్లాడింది. నీకు మంచి..."

"సార్, ఆవిడ నిన్న కార్ఖానాకి వచ్చింది."

"ఏ కార్ఖానాకి?"

"మాదే సార్. మా నాన్న మేస్త్రీ. తిన్నగా మెట్ల కిందికి వెళ్ళింది."

సారు గొంతు తగ్గించాడు.

"అంటే అదంతా... నిజంగా మీ ఇంట్లో వాళ్ళు చేసే పనా? నేనేదో నువ్వు విన్న సంగతి అనుకున్నాను."

"మీరే కదా సార్ ఇంట్లోంచి తెమ్మన్నారు."

"వస్తువు తెమ్మన్నానమ్మా. ఇల్లు తెమ్మనలేదు."

పిచ్చుక పెదవి కొరుక్కుంది. ఏడుపు ఆగలేదు.

"ఏడవకు. నువ్వు చెప్పింది అబద్ధం కాదు. దొడ్డిదారిన ఊచలొస్తే ఇక్కడ నిజంగా ఊచలు చేసేవాళ్ళకి నష్టమే కదా?"

"ఒకప్పుడు చేసేవాళ్ళు సార్. ఊచలు సాగదీసే కొలిమి మా కార్ఖానాలోనే ఉండేది. మా తాత దాని దగ్గరే పనిచేశాడు. పెట్టెలు రావడం మొదలయ్యాక ఆర్పేశారు."

"చూశావా మరి."

"సార్, ఒకటి అడగనా? ఒక పరిశ్రమ పోతే అందులో వాళ్ళు ఇంకోదానిలోకి మారతారని ఉంది కదా. నేనూ అదే చెప్పాను. ఎన్నాళ్ళలో మారతారు సార్?"

సారు గొంతు సవరించుకున్నాడు. "ఆ నమూనాలో కాలం అన్నది ఉండదమ్మా. మార్పుకి ముందు ఒక గీత, మార్పు తర్వాత ఒక గీత. మధ్యలో ఏం జరుగుతుందో అందులో ఉండదు."

"మేం ఆ మధ్యలోనే ఉన్నాం సార్."

"నువ్వు... ప్రస్తుతానికి ఎవరికీ ఏమీ చెప్పకు. నా క్లాసులో జరిగిందని కూడా అనకు. నేను కనుక్కుంటాను."

ఫోను పెట్టేశాడు. ఎంతటి ప్రశ్నకైనా నవ్వుతూ జవాబు చెప్పే మనిషి. ఆయన కూడా అలా తప్పించుకునేసరికి పిచ్చుకకి ఉన్న ఆ కాస్త ధైర్యమూ పోయింది.

తల ఎత్తేసరికి ఎదురుగా అమ్మ. చేతిలో తడిబట్టల బక్కెట్టు. ఎంతసేపటి నుంచి అక్కడ ఉందో!

"ఏమన్నావు ఇప్పుడు?" అంది అమ్మ. అడగడం కాదు. విన్నది నిజం కాకూడదని బతిమాలడం.

"అమ్మా, చెప్పింది నేనే. తెలియక..."

అమ్మ బక్కెట్టు దించి, తడిచేతిని కూతురి నోటికి అడ్డం పెట్టింది. సబ్బు వాసన.

"ముయ్యి. నాకు చెప్పావు, అక్కడికి ఆగిపోవాలి. మీ నాన్నకి వద్దు. మీ బాబాయికి అసలే వద్దు. వింటున్నావా? వీధిలో వాళ్ళని చూశావు కదా. కిటికీకి విసిరినవాళ్ళు రేపు నీ మీద విసరరని ఏముంది?"

పిచ్చుక ఆ చెయ్యి తప్పించింది. "మరి బాబాయి?"

"మీ బాబాయికేం, ఒంటిగాడు. చేతిలో పని ఉంది. ఇక్కడ కాకపోతే ఇంకోచోట. ఏదో ఒక పని దొరక్కపోతుందా? మనుషులు సర్దుకుంటారే."

ఆ రోజు క్లాసులో చివర తను చెప్పింది అచ్చం ఈ మాటే. బోర్డు మీద ఒక గీత గీసి, ఇంకో గీత గీసి, అక్కణ్ణించి ఇక్కడికి ఒక బాణం గుర్తు వేసి, కార్మికులు సర్దుకుంటారు అంది. బాణం వేయడానికి ఎంతసేపు పట్టింది కనుక? సుద్దముక్క ఒక్క జారుడు జారింది, అంతే.

"బాబాయికి ఎడమ కన్ను కనబడదు కదమ్మా."

"తెలుసు."

"ముద్ర వంకర పడేది అందుకే. కొత్తచోట పరీక్షగా ఒక్క పిడి మీద ముద్ర కొట్టమంటే చాలు, పంపించేస్తారు."

"తెలుసన్నాను కదే!" అమ్మ ఒక చొక్కా తీసి పిండింది. పిండిన చొక్కానే మళ్ళీ పిండింది. "అన్నీ తెలిసే చెబుతున్నాను. నేనేమీ మంచిదాన్ని అనుకోవట్లేదు. నాకున్నది నువ్వొక్కదానివి."

చొక్కాలోంచి ఒక్క చుక్క నీరు కూడా రాలడం లేదు. అయినా అమ్మ పిండుతూనే ఉంది.

పిచ్చుక లోపలికొచ్చేసరికి బాబాయి అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పెళ్ళిచూపులకి కూడా శ్రద్ధగా తయారవలేదని ఇంట్లో అందరూ ఏడిపించే మనిషి.

"రా పిచ్చుకా. ఒక సందేహం తీర్చు. నువ్వు చదివేది ఇదే కదా."

పిచ్చుక తలుపు పట్టుకుని నిలబడింది.

"ఊచలని చెప్పి గొడుగులు తెచ్చారని రుజువైందనుకో. సుంకాలవాళ్ళు కార్ఖానా మూసేస్తారా?"

"ఏమో బాబాయ్. ఎగ్గొట్టిన సుంకం, దాని మీద జరిమానా వేస్తారు. తర్వాత నుంచి అస్థిపంజరాల మీద కూడా మోత సుంకమే పడుతుంది. అప్పుడు బయటి నుంచి తేవడం గిట్టకపోతే... ఊచలు ఇక్కడే చేసుకోవచ్చు. లేదా..."

"లేదా?"

"లేదా గొడుగులే మానెయ్యొచ్చు. అది ఓనరు ఇష్టం."

"అదీ! ఓనరు ఇష్టం." బాబాయి దువ్వెన జేబులో పెట్టుకున్నాడు. "అంటే ఇప్పటికిప్పుడు మనల్ని ముంచేది ఆ కోటావిడ కాదు, ఓనరు కోపం. కోపానికి ఒక మనిషి దొరికితే చాలు. తిట్టి, గెంటి, చల్లబడుతుంది. గేటు తెరుచుకుంటుంది. అన్నయ్య పని అన్నయ్యకి, కత్తెరమ్మ పని కత్తెరమ్మకి."

"బాబాయ్! నువ్వు చెప్పలేదు కదా!"

"చెప్పలేదు. చెప్పలేదంటే నమ్మేవాడు మాత్రం ఒక్కడూ లేడు. అన్నయ్యతో సహా."

"నేను నమ్ముతున్నాను."

"నీ నమ్మకానికేంలే. చిన్నప్పుడు నేను సర్కసులో పులి మీద స్వారీ చేశానంటే కూడా నమ్మావు." నవ్వాడు. నవ్వుతూనే చొక్కా గుండీ పెట్టుకున్నాడు. "భయమేస్తోందే పిచ్చుకా. అరుస్తారేమోనని కాదు. రేపు పొద్దున లేచి ఎక్కడికి పోవాలో తెలియదు చూడు, దానికి."

ఇప్పుడు చెప్పాలి. ఇదే సమయం. పిచ్చుక నోరు తెరిచింది.

బాబాయి భుజం వెనక, పెరటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. ఏమీ అనలేదు. తల కూడా ఊపలేదు. ఊరికే చూసింది.

పిచ్చుక నోరు మూసుకుంది.

"పోదాం పదరా," వీధి గుమ్మం దగ్గర నుంచి నాన్న పిలిచాడు. తమ్ముడి ముఖం చూడకుండా పిలిచాడు.

అన్నదమ్ములు వీధి మలుపు తిరిగేదాకా పిచ్చుక కదల్లేదు. తర్వాత చెప్పులు వేసుకోబోయింది. అమ్మ మణికట్టు పట్టుకుంది. గట్టిగా, గోళ్ళు దిగేలా. పిచ్చుక విడిపించుకోవడానికి పెనుగులాడలేదు. "అమ్మా, నొప్పి," అని మాత్రం అంది. అమ్మ చెయ్యి దానంతటదే వదులైంది. పిచ్చుక చెప్పుల్లేకుండానే పరిగెత్తింది.

గేటు ముందు లైను మొత్తం ఉంది. రోజూ ఈపాటికి మిషన్ల రొదలో ఒకరి మాట ఒకరికి వినబడని చోటు. ఇవాళ మూల నిలబడ్డవాడి దగ్గు కూడా వినబడుతోంది. ఆఫీసు మెట్టు మీద ఓనరు. కాస్త ఎడంగా, కాగితాలు పట్టుకున్న ఇద్దరు మనుషుల మధ్య బూడిదరంగు కోటు.

పిచ్చుక జనం మధ్యలోంచి దూరి నాన్న పక్కకి చేరింది.

బాబాయి అప్పటికే ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"నేనే చెప్పాను," అన్నాడు.

ఎవరో ఉమ్మేశారు. నాన్న కళ్ళు మూసుకున్నాడు.

"మా కళ్ళలోకి చూసి చెప్పు," అంది కత్తెరమ్మ.

"ఒక కన్నుతోనే చూడగలను. సరిపోతుందా?"

ఒక్కరూ నవ్వలేదు.

"ఎలా చెప్పావు?" ఓనరు అడిగాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఎలాగంటే... ఫోన్లో."

"నీకు ఫోనే లేదు కదరా!" కత్తెరమ్మ నోట్లోంచి మాట జారిపోయింది.

గుంపు కదిలింది. బాబాయి తడబడ్డాడు. "ఎవరిదో అడిగి చేశాను."

"ఎవరిది?"

బాబాయి నేలకేసి చూశాడు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి అబద్ధం చెబుతుంటే, అది అందరికీ తెలిసిపోతూనే ఉంటుంది. ఓనరు చూపు బాబాయి మీద నుంచి మెల్లగా జరిగి మేస్త్రీ మీద ఆగింది. దాని వెనకే లైను మొత్తం తిరిగింది.

"ఓహో," అన్నాడు ఓనరు. "అన్నగారిని కాపాడుతున్నావా?"

"నేనా?" అన్నాడు నాన్న. ఆ గొంతు అతనిది కానట్టు ఉంది. "అయ్యా, నేనా?"

కత్తెరమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. ఇన్నాళ్ళూ మేస్త్రీ గారూ అని పిలిచిన మనిషి ఆవిడ.

పిచ్చుక నాన్న ముందుకి వచ్చింది. తన గొంతు తనకే ఎక్కడో దూరం నుంచి వినబడింది.

"నేనే చెప్పాను. మెట్ల కింద బల్ల అని చెప్పింది నేను."

"అది పిచ్చిది!" బాబాయి గిరుక్కున తిరిగాడు. మొదటిసారి అతని గొంతులో కోపం. "నన్ను కాపాడ్డానికి ఏదో వాగుతోంది. ఒసే, ఇంటికి పో! చదువుకునే పిల్ల, దానికేం తెలుసు? చెప్పింది నేనే అంటున్నాను కదండీ!"

"ఈ ఇంట్లో వాళ్ళకి ఆటగా ఉందా?" ఓనరు కోటావిడ వైపు తిరిగాడు. "మీరే చెప్పండి మేడమ్. మీకు చెప్పిందెవరు?"

ఆవిడ మెడలోని కళ్ళజోడు తీసి పెట్టుకుంది.

"ఎవరు చెప్పారన్నది మేం బయటపెట్టం. అది మా నియమం."

"మరి ఇప్పుడు వాళ్ళంతట వాళ్ళే ఒప్పుకుంటున్నారు కదా?"

"ఇద్దరు ఒప్పుకుంటున్నారు," అంది ఆవిడ. గుంపులోకి నడిచి వచ్చింది. మనుషులు పక్కకి తప్పుకున్నారు. వచ్చి పిచ్చుక ముందు ఆగింది. గుర్తుపట్టింది. క్లాసులో నవ్విన ఆ నవ్వు ముఖంలో ఎక్కడా లేదు. నలిగిపోయిన మనిషిలా ఉంది.

"చెప్పిన మనిషే బయటపెట్టమంటే అప్పుడు వేరే సంగతి," అంది చాలా మెల్లగా. "ఏమ్మా? బయటపెట్టమంటావా?"

ఆ ప్రశ్న వెనక వరసల్లో వాళ్ళకి వినబడలేదు. పక్కనే ఉన్న నాన్నకి వినబడింది.

నాన్న చెయ్యి కూతురి భుజం మీద పడింది. అది బరువుగా ఉంది, చెమటతో తడిసి ఉంది. ముఖం ఆమె చెవి దగ్గరికి వచ్చింది.

"వద్దను తల్లీ," అన్నాడు ఊపిరాడనట్టు. "నీ కాళ్ళు పట్టుకుంటాను. వద్దని చెప్పు."

పిచ్చుక తల ఎత్తింది. ఎదురుగా, నాలుగడుగుల దూరంలో బాబాయి. వద్దనమనే అతనూ సైగ చేస్తున్నాడు, ముఖాన ఆ వంకర నవ్వు తెచ్చిపెట్టుకుని.

అప్పుడే బాబాయి అన్నయ్య పెదాలు కదలడం చూశాడు. అన్నయ్య ఏమంటున్నాడో అర్థమైంది: చెప్పింది తమ్ముడు కాదని తెలిసి కూడా వద్దనమంటున్నాడు.

సైగ చేస్తున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.